కాఫీ కప్పులు ఎవరు కడగాలి?

మొన్న మే నెలలో మా సంఘం వార్షిక సమావేశంలో ఒక తీర్మానం వచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీ పెట్టడానికి, కుర్చీలు వెయ్యడానికి, తియ్యడానికి, కప్పులు కడగడానికి మనుషులు దొరకడం లేదు, కాబట్టి బయటివాళ్ళకి డబ్బిచ్చి చేయించుకుందాం అని. ఏడాదికి ఎంతవుతుందో లెక్క కూడా వేసుకొచ్చారు. ఆ తీర్మానం పెట్టినవాళ్ళు సోమరులు కారు. ఏళ్ళ తరబడి ఆ పనులన్నీ చేసి అలిసిపోయినవాళ్ళు.

నేను లేచి వద్దన్నాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఇచ్చారు. చెప్పాలనుకున్నదాంట్లో సగం కూడా చెప్పలేకపోయాను. తీర్మానం అక్టోబరుకి వాయిదా పడింది. ఆ రోజు నా నోట్లో ఉండిపోయిన సగం ఇది.

మాది యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ సంఘం. ఒహాయోలో ఒక మధ్యరకం ఊరు, నూట నలభై మంది సభ్యులు. తెలుగువాళ్ళలో ఈ పేరు విన్నవాళ్ళు తక్కువ కాబట్టి కొంచెం చెప్తాను. అమెరికాలో యూనిటేరియన్లు, యూనివర్సలిస్టులు అని రెండు పాత ఉదార క్రైస్తవ శాఖలు ఉండేవి. 1961లో రెండూ కలిశాయి. ఇవాళ మా ఆదివారం కూటంలో దేవుణ్ణి నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు, యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్ళు, బౌద్ధ ధ్యానం చేసేవాళ్ళు, నాలాగా ఇంట్లో దీపం పెట్టుకుని బయల్దేరేవాళ్ళు పక్కపక్కన కూర్చుంటారు. ఫలానాది నమ్ముతానని ఒప్పుకుంటేనే చేర్చుకుంటాం అనే షరతు లేదు. సభ్యత్వ పుస్తకంలో సంతకం పెట్టినవాళ్ళు సభ్యులు. మాకు బిషప్పు లేడు. మినిస్టర్‌ని, అంటే ఆదివారం కూటం నడిపే మతగురువుని, పైనుంచి ఎవరూ పంపరు. మేమే కమిటీ వేసుకుని వెతుక్కుని, ఓటేసి పిలుచుకుంటాం. ఆయన జీతం మా ప్లెడ్జిల్లోంచే, అంటే ఏడాదికి ఇంత ఇస్తామని సభ్యులం మాటిచ్చి కట్టే డబ్బులోంచే. పైకప్పు కారితే నిచ్చెన వేసుకునేది మేమే. 1648లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ప్యూరిటన్లు అనే పాత క్రైస్తవ వర్గంవాళ్ళు కూర్చుని, ఏ సంఘం వ్యవహారం ఆ సంఘమే చూసుకోవాలని రాసుకున్నారు. వాళ్ళ నమ్మకాలు చాలావరకు మేము వదిలేశాం. ఆ పద్ధతి మాత్రం వదల్లేదు.

నేను ఇక్కడికి ఎలా వచ్చానంటే, దాని వెనక కాకినాడ ఉంది. మా తాతయ్య బ్రహ్మసమాజపు మనిషి. అమ్మ చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని మందిరానికి వెళ్ళేదిట. విగ్రహం ఉండదు, హారతి ఉండదు, పాటలు పాడతారు, ఎవరో ఒకరు లేచి ప్రార్థన చెప్తారు, అయ్యాక చాపలు చుట్టేది మేమే అనేది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆఫీసులో ఒకావిడ నన్ను తన సంఘానికి తీసుకెళితే, పాట అయ్యాక అందరూ లేచి ఎవరి కుర్చీ వాళ్ళు మడతపెట్టడం చూశాను. అమ్మ చెప్పిన చాపలు గుర్తొచ్చాయి. రామమోహన్ రాయ్ 1828లో బ్రహ్మసమాజానికి పునాది వెయ్యకముందే, 1821లో విలియం ఆడం అనే స్కాటిష్ మిషనరీతో కలిసి కలకత్తాలో యూనిటేరియన్ కమిటీ పెట్టారని తర్వాత ఎప్పుడో చదివాను. అంటే తాతయ్య మందిరానికీ నేను వెళ్ళే హాలుకీ వేలు విడిచిన చుట్టరికం ఉందన్నమాట.

అమ్మ ఇంకో కథ చెప్పేది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ సంగతి మనందరం బడి పుస్తకాల్లో చదువుకున్నాం. అమ్మ ఆ కథని పంతులుగారితో మొదలుపెట్టేది కాదు. ఆ పెళ్ళిళ్ళకి వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు రామన్నారు. ఊరు వెలివేసింది. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె పట్టుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, వంట చేసి, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టారు. "ఉపన్యాసాలు పంతులుగారివి, పెళ్ళి మాత్రం ఆవిడ నీళ్ళతో అయింది" అనేది అమ్మ.

సమావేశంలో నేను చెప్పలేకపోయిన మాట ఇక్కడే ఉంది. నమ్మకం ఒక్కటే అయిన చోట మనుషుల్ని ఆ నమ్మకం కలిపి ఉంచుతుంది. మసీదులో నమాజుకి వరసలో నిలబడ్డవాడికి పక్కవాడి పేరు తెలియకపోయినా ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. తిరుమల కొండ మీద క్యూలో ఉన్న వెయ్యి మందీ ఒక్క మూర్తి కోసమే వచ్చారు. మా హాల్లో అలాంటిది ఏదీ లేదు. ఒకరు దేవుడంటారు, ఒకరు ప్రకృతి అంటారు, ఒకరు న్యాయం అంటారు. మరి మమ్మల్ని పట్టి ఉంచేది ఏమిటి? నేను చూసినంతలో, మా చేతుల మధ్య ఉన్న పని. ఆ కాఫీ, ఆ కుర్చీలు, పిల్లల క్లాసు, జబ్బుపడ్డవాళ్ళ ఇంటికి పంపే కూర. ఉదార మతంలో పని అనేది పూజ చుట్టూ ఉండే ఏర్పాటు కాదు. పూజలో పెద్ద భాగం అదే. అది అమ్మేస్తే మిగిలేది ఒక మంచి ఉపన్యాసం, నాలుగు పాటలు. అవి ఇంట్లో కూర్చుని కూడా వినొచ్చు.

తిరుమలలో శ్రీవారి సేవ ఉంది. 2000లో మొదలైంది. మా పిన్ని రెండుసార్లు వెళ్ళొచ్చింది. అన్నప్రసాదం వడ్డించింది, క్యూలో ఉన్నవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చింది. ఆ వారం రోజుల గురించి ఇప్పటికీ కళ్ళు మెరుస్తూ చెప్తుంది. ఆ సేవ గొప్పది. కానీ పిన్ని వెళ్ళకపోయినా ఆ కొండ మీద అన్నం వండుతారు, దీపం వెలుగుతుంది. మా దగ్గర అలా కాదు. తొమ్మిదింటికి ఎవరో ఒకరు తాళం తియ్యకపోతే పదిన్నరకి కూటమే ఉండదు.

1841లో బోస్టన్‌లో జేమ్స్ ఫ్రీమన్ క్లార్క్ అనే యూనిటేరియన్ మినిస్టర్ 'శిష్యుల సంఘం' అని ఒక కొత్త సంఘం పెట్టాడు. అప్పట్లో చర్చిల్లో బెంచీలు అమ్మేవాళ్ళు, అద్దెకి ఇచ్చేవాళ్ళు. ఉన్నవాళ్ళకి ముందు వరస, లేనివాళ్ళకి వెనక. క్లార్క్ బెంచీలు అమ్మనన్నాడు. ఎవరు ఇవ్వగలిగింది వాళ్ళు ఇస్తారు, ప్రార్థనలో సభ్యులు గొంతు కలుపుతారు, వారం మధ్యలో కూర్చుని మాట్లాడుకుంటారు అని మొదటే అనుకున్నారు. ఈ మూడూ విడదియ్యలేనివని నాకనిపిస్తుంది. బెంచీ కొనుక్కున్న మనిషికి సంఘంతో ఉన్నది కొనుగోలుదారు సంబంధం. ఆ సంబంధాన్ని వదిలించుకోవడానికి అంత కష్టపడ్డ వాళ్ళ వారసులం మేము. కాఫీ దగ్గర మళ్ళీ కొనుగోలుదారులం అయిపోతామా అన్నది నా బాధ. 1948 నుంచి ఇరవై ఏళ్ళ దాకా మా యూనిటేరియన్లు మినిస్టర్ లేని చిన్న ఊళ్ళలో ఫెలోషిప్‌లు అనే చిన్న సంఘాలు పెట్టారు. కనీసం పది మంది సభ్యులుంటే చాలు. ఉపన్యాసం వాళ్ళదే, ఊడ్చుకోవడం వాళ్ళదే. మా సంఘం కూడా అలా ఒకరి ఇంటి ముందుగదిలో మొదలైందే.

సమావేశంలో నేను ఇంత వరకు చెప్పగలిగి ఉంటే నాకు చప్పట్లు పడేవి. కానీ నేను కూర్చున్నాక వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. నర్సు. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, ఇంట్లో మంచం పట్టిన తండ్రి, ఇద్దరు పిల్లలు. "నేను ఇక్కడికి ఒక గంట కూర్చోవడానికి వస్తాను. వారం మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని గంట అదొక్కటే. తలుపు దగ్గరే ఎవరో ఒకరు సైన్-అప్ కాగితం పట్టుకుని ఉంటారు. నేను కూర్చోవడం తప్పా?" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆదివారం పొద్దున్న రెండు గంటలు అదనంగా ఉండటం కొందరికే కుదురుతుంది. రిటైరైనవాళ్ళకి, జీతం బాగున్నవాళ్ళకి, నాలాగా పిల్లలు పెద్దవాళ్ళైపోయినవాళ్ళకి. పనిని బట్టి మనిషిని కొలవడం మొదలుపెడితే మళ్ళీ ముందు వరస బెంచీలు వచ్చినట్టే. ఈసారి డబ్బున్నవాళ్ళకి బదులు టైమున్నవాళ్ళకి. నేను ఇన్నాళ్ళూ దీన్ని చూడలేదు.

ఆ తర్వాతి వారం ఆవిడతో మాట్లాడాను. క్షమించమన్నాను. మాటల్లో ఆవిడ చెప్పింది, తొమ్మిదేళ్ళలో తనని వంటింటి పని తప్ప ఇంకేమీ అడగలేదని. చావు దగ్గర కూర్చోవడం గురించి తనకి తెలిసినంత ఆ హాల్లో ఎవరికీ తెలియదు. మా సంఘంలో ఏడాదికి ముగ్గురు నలుగురు పెద్దవాళ్ళు పోతున్నారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళే కమిటీలో ఆవిడ పేరు ఎవరికీ తట్టలేదు. ఖాళీ ఉన్న గడిలో మనిషిని కూర్చోబెట్టాలని చూశాం. మనిషిని చూసి పని అడగలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది రాయడానికి కష్టంగానే ఉంది.

ఆరేళ్ళు కాఫీ పని నాదే. వంద కప్పుల కుండ మరగడానికి గంట పడుతుంది. కెఫీన్ లేనిది వేరే చిన్న కుండ. టీ నీళ్ళు వేరు. పాలు, ఓట్ పాలు. కప్పులు పై అరలో బోర్లించాలి, చెవులు కుడివైపుకి. ఇదంతా నా తలలో ఉండేది, ఎక్కడా రాసి పెట్టలేదు. రాసి పెట్టకపోవడం కూడా ఒకరకమైన పట్టు అని ఇప్పుడు తెలుస్తోంది. ఒక ఆదివారం పాతికేళ్ళ అబ్బాయి ఒకడు, వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, తనంతట తనే వంటింట్లోకి వచ్చి కప్పులన్నీ కడిగి సర్దాడు. అతను చూస్తుండగానే నేను వాటిని తీసి నా పద్ధతిలో మళ్ళీ సర్దాను. ఒక్క మాట అనలేదు. నవ్వుతూనే సర్దాను. అతను మళ్ళీ వంటింట్లోకి రాలేదు. కొన్నాళ్ళకి ఆదివారాలూ మానేశాడు. అతను మానెయ్యడానికి వేరే కారణాలు ఉండొచ్చు. కానీ ఆ కప్పులు నాకు గుర్తున్నాయి.

పదిమందిలో పాము చావదంటారు. ఎవరికి వారు పక్కవాడు కొడతాడులే అనుకుంటారు. మా సంఘంలో అందరం ఆ సామెతనే తిప్పితిప్పి చెప్పుకుంటాం, పని చెయ్యనివాళ్ళ మీద. కానీ కర్ర మొత్తం ఒకరే పట్టుకుని, ఇంకొకరు చెయ్యి చాపితే నీకు కొట్టడం రాదు అంటే ఏమవుతుంది? చూసేవాళ్ళకి అది సోమరితనంలా కనబడుతుంది. చాలామంది చేతులు కట్టుకున్నది ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాకే. వాలంటీర్లు దొరకడం లేదు అనే ముందు, దొరికినవాళ్ళని మనం ఏం చేశామో చూసుకోవాలి.

బ్రహ్మసమాజం కథలో దీనికి పెద్ద పాఠమే ఉంది. కేశవచంద్ర సేన్ మహావక్త. ఆయన ప్రేరణతో ఎంతోమంది సమాజంలోకి వచ్చారు. పెళ్ళికూతురికి కనీసం పద్నాలుగేళ్ళు ఉండాలని 1872లో చట్టం రావడానికి పాటుపడింది ఆయనే. 1878లో ఆ వయసు కూడా రాని తన కూతుర్ని కూచ్ బిహార్ మహారాజుకిచ్చి పెళ్ళి చేశారు. సభ్యులు అడిగారు. జవాబు రాలేదు. అసలు అడగడానికి ఒక పద్ధతంటూ ఉంటే కదా. అన్నీ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. ఆ మే 15న శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోస్ లాంటివాళ్ళు విడిపోయి కలకత్తాలో వేరే సమాజం పెట్టుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు చూడండి: సాధారణ బ్రహ్మసమాజం. నియమావళి రాసుకున్నారు, కమిటీని ఓటుతో ఎన్నుకోవాలన్నారు. సాధారణ అనే మాటని ఒక మతసంఘం గర్వంగా తన పేరులో పెట్టుకుంది. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

కాకినాడ మాట వచ్చేసరికి నాకు మనసు బరువెక్కుతుంది. అక్కడ బ్రహ్మసమాజాన్ని నడిపించిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాల్. ఆయన చుట్టూ ఒక తరం తయారైంది. పిఠాపురం మహారాజా ఆయన శిష్యుడు. అనాథలకి నీడ దొరికింది, దళిత పిల్లలకి చదువు దొరికింది. అంత పని జరిగింది. మరి అమ్మ చిన్నప్పటికే మందిరంలో మనుషులు ఎందుకు పలచబడ్డారు? కారణాలు చాలా ఉంటాయి. స్వాతంత్ర్యోద్యమం వచ్చింది, సమాజం అడిగిన సంస్కరణలు కొన్ని దేశం తనంతట తనే ఒప్పుకుంది. వాటితో పాటు, ఒక మహానుభావుడి వెలుగు, ఒక రాజుగారి డబ్బు ఉన్న చోట మిగతావాళ్ళు శ్రోతలుగా ఉండిపోయే ప్రమాదం ఉందని నా అభిప్రాయం. అమ్మ చెప్పిన చాపలు చుట్టే పిల్లలు పెరిగి పెద్దై హైదరాబాదు, మద్రాసు వెళ్ళిపోయారు. ఆ చాపలు ఎవరికి అప్పజెప్పాలో ఎవరూ అనుకున్నట్టు లేదు. తాతయ్య పోయాక మా ఇంట్లో బ్రహ్మసమాజం పాటల పుస్తకం ఒకటి మిగిలింది. అంతే.

ఇక డబ్బిచ్చి చేయించుకోవడం గురించి. నేను మొత్తానికి వద్దనడం లేదు. లెక్కలు చూసే అకౌంటెంటుకి, పిల్లల విభాగం నడిపే ఆవిడకి, బాత్రూములు శుభ్రం చేసే మనిషికి మంచి జీతం ఇవ్వాలి. సంఘం పని కదా, తక్కువకి చెయ్యండి అని అడగడం అన్యాయం. సేవ పేరుతో ఆడవాళ్ళ చేత ఉచితంగా చేయించుకున్న పనులు మతాలన్నిటిలో కుప్పలు. రాజ్యలక్ష్మమ్మగారి కథలో కూడా ఆ ముల్లు ఉంది. బిందె మోసింది ఆవిడ, పేరు మోసింది ఆయన. ఇవాళ్టికీ మా వంటింట్లో ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళే, బడ్జెట్ కమిటీలో ఎక్కువగా మగవాళ్ళే. దీన్ని కూడా అక్టోబరులో అడగబోతున్నాను.

కానీ ఒక మనిషి ముఖం ఇంకో మనిషికి కనబడే పనులు కొన్ని ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడి కొత్తవాళ్ళని రండి అనడం. కాఫీ కప్పు చేతికివ్వడం. పక్కపక్కన నిలబడి ఒకరు కడుగుతుంటే ఒకరు తుడవడం. సింకు దగ్గర మనుషులు చెప్పుకునే మాటలు వేరు. ఇద్దరి కళ్ళూ నీళ్ళ మీద ఉంటాయి కాబట్టి కష్టమైన మాటలు తేలిగ్గా వస్తాయి. మా దగ్గర ఎనభై రెండేళ్ళ పెద్దావిడ ఒకరున్నారు. కొడుకు పోయిన సంగతి ఆవిడ నాకు చెప్పింది ఆ సింకు దగ్గరే. ఉపన్యాసం వింటూ చెప్పలేదు. అలాంటి పనిని బయటికి ఇవ్వకండి అన్నదే నా మాట.

మూడేళ్ళ కిందట నాకు ఆపరేషన్ అయింది. మూడు వారాలు మా ఇంటికి సంఘం నుంచి భోజనం వచ్చింది. ఎవరు ఏ రోజు తెస్తారో ఒక జాబితా వేసుకున్నారట. ఒకరు పెసరపప్పు తెచ్చారు, నేను శాకాహారినని, పప్పు తింటానని గుర్తుపెట్టుకుని. తాలింపు లేదు, కారం లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాను. ఆ తెచ్చినాయనకి దేవుడి మీద నమ్మకం లేదు, ఉపనిషత్తుల గురించి నాతో రెండుసార్లు గట్టిగా వాదించాడు. నాకూ ఆయనకీ కలిసినది ఒక్కటే, నాలుగేళ్ళు నెలకో ఆదివారం కలిసి కుర్చీలు సర్దాం.

మా వాళ్ళు పూల పండగ చేస్తారు. 1923లో ప్రేగ్‌లో నార్బర్ట్ చాపెక్ అనే యూనిటేరియన్ మినిస్టర్ మొదలుపెట్టాడు. ఒక్కొక్కరు ఒక పువ్వు తెచ్చి ఒకే కూజాలో పెడతారు. వెళ్ళేటప్పుడు తను తెచ్చినది కాక ఇంకొకరిది తీసుకెళతారు. తర్వాత నాజీలు ఆయన్ని చంపేశారు. ఆయన భార్య ఆ పండగని అమెరికాకి తెచ్చింది. ప్రతి ఏడూ జూన్‌లో మా హాలు గుమ్మం దగ్గర ఒక బక్కెట్టులో కొన్ని అదనపు పూలు ఉంటాయి, తేవడం మర్చిపోయినవాళ్ళ కోసం. అవి ఎవరు తెస్తారో చాలాకాలం నాకు తెలియదు. ఈ ఏడు తెలిసింది. ఆ నర్సే. శనివారం రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి వెళ్తూ దారిలో కొని, పొద్దున్నే గుమ్మం దగ్గర పెట్టేస్తుంది. ఏ సైన్-అప్ కాగితం మీదా ఆవిడ పేరు లేదు.

అక్టోబరులో ఓటు ఏమవుతుందో తెలియదు. తీర్మానం గెలిస్తే నేను సంఘం వదిలి వెళ్ళను, ఆ పద్ధతికి కట్టుబడి ఉంటాను. ఈలోపల కాఫీ పని మీద నేను పెద్దరికం చెయ్యడం మానేశాను. కాలేజీ అమ్మాయి ఒకతె, కొత్తగా చేరిన రిటైర్డ్ బస్ డ్రైవర్ ఒకాయన తీసుకున్నారు. కప్పులు ఎక్కడ సర్దాలో చెప్పలేదు. పెద్ద కుండని ఎడమవైపు ప్లగ్గులో పెడితే కరెంటు పోతుంది, కుడివైపు దాంట్లోనే పెట్టండి అని మాత్రం చెప్పి, వెళ్ళి హాల్లో కూర్చున్నాను.